గోడ మీద దారాలు: నాలుగు తరాల పటం కడుతున్న ప్రాజెక్టు డైరీ

జనవరి 5, 2025

పని మొదలుపెట్టాను. మా ఇంట్లో వంశవృక్షం ఎప్పటినుంచో ఉంది. ఎవరు ఎవరికి పుట్టారో అది చెబుతుంది. ఏ సంవత్సరంలో ఎవరు ఏ ఈడులో ఉన్నారో మాత్రం చెప్పదు. నాకు కావలసింది అదే. ఫలానా ఏడాది మీద వేలు పెడితే ఆ రోజున నాయనమ్మకి ఎన్నేళ్ళు, నాన్నకి ఎన్నేళ్ళు, అసలు పుట్టనిది ఎవరు అన్నది కంటికి కనబడాలి.

జనాభా లెక్కలవాళ్ళ దగ్గర ఇలాంటి పటం ఒకటుంది. జర్మన్ గణాంక పండితుడు విల్‌హెల్మ్ లెక్సిస్ 1875లో తెచ్చిన పుస్తకం వల్ల దానికి ఆయన పేరే నిలిచిపోయింది. ఆయనకంటే ముందే ఒకరిద్దరు ఇటువంటివి గీశారు. అడ్డంగా సంవత్సరాలు, నిలువుగా వయసు. మనిషి పుట్టిన ఏడాది దగ్గర అడుగున మొదలైన గీత ఏటవాలుగా కుడివైపు పైకి ఎక్కుతూ పోతుంది. చనిపోయిన చోట ఆగుతుంది.

ముందు ఏడాదికి 1 సెంటీమీటరు చొప్పున గీశాను. అక్షరాలు రాసే చోటు లేదు. చింపేసి 2 సెంటీమీటర్ల లెక్కన మళ్ళీ మొదలుపెట్టాను. 1930 నుంచి 2030 దాకా నూరేళ్ళు, వయసు సున్నా నుంచి 100 దాకా. అంటే 2 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు. బ్రౌన్ పేపర్ నాలుగు పట్టీలు అతికించి, వెనక మెత్తటి బోర్డు వేసి, హాల్లో గోడకి నిలబెట్టాను.

జనవరి 8

మనిషికో రంగు ఊలు దారం, రెండు చివరలా గుండుసూదులు. నాయనమ్మ వయసు 87 కాబట్టి 174 సెంటీమీటర్లు కత్తిరిస్తే సరిపోతుందనుకున్నాను. చాల్లేదు. ఏటవాలు గీత నిలువు ఎత్తుకి 1.4 రెట్లుంటుంది. ఆమెకి రెండున్నర మీటర్ల దారం పట్టింది.

దారం తల ఎక్కడ గుచ్చాలన్నది ఇంకా పెద్ద చిక్కు. కాగితాల్లో ఆమె పుట్టిన సంవత్సరం 1941 అని ఉంది. ఆ అంకె ఎవరో అడిగినప్పుడు నోటికొచ్చినట్టు చెప్పినదేనట. "పెద్ద యుద్ధం అయిపోయిందని బళ్ళో చెప్పిన రోజున నేను రెండో తరగతి" అంది నాయనమ్మ. జపాన్ లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టింది 1945 సెప్టెంబరు 2న. అప్పటికి ఏడేళ్ళనుకుంటే 1938. అక్కడే గుచ్చాను. పక్కన చిన్న దూది ఉండ అంటించాను. ఈ పటంలో దూది ఉన్న చోటల్లా "సుమారుగా" అని చదువుకోవాలి.

మిగతావాళ్ళవి తేలికే: తాతయ్య 1930–1998, నాన్న 1957, మేనత్త 1960 ఆగస్టు, నేను 1985, తమ్ముడు 1988, వాడి కూతురు 2010.

అన్ని దారాలూ గుచ్చాక దూరంగా నిలబడి చూశాను. ఒక్క దారమూ ఇంకోదాన్ని తాకదు. అందరికీ ఏడాదికి ఒకే ఏడు వయసు పెరుగుతుంది కాబట్టి దారాలన్నీ ఒకే వాలులో సమాంతరంగా పోతున్నాయి. 2025 గీత దగ్గర నాయనమ్మ దారం ఆమె తల కంటే ఎత్తులో ఉంది, మేనకోడలిది నా మోకాలి కిందే. ఈ సంగతి లెక్కగా నాకు తెలియనిది కాదు. గోడ మీద చూసినప్పుడు మాత్రం కాసేపు అక్కడి నుంచి కదల్లేకపోయాను.

జనవరి 12

ఇవాళ సంఘటనల పని. సంఘటన అంటే నిలువు గీత. అందరి దారాలనీ ఒకే రోజున కోస్తుంది, కానీ ఒక్కొక్కరిని ఒక్కో ఎత్తులో. ఈ ప్రాజెక్టంతా ఆ ఎత్తుల తేడా గురించే.

గ్లెన్ ఎల్డర్ అనే సామాజిక శాస్త్రవేత్త దీన్ని ఎంత వివరంగా చూపించాడో చెప్పాలి. 1930ల ఆర్థిక మాంద్యం కాలంలో కాలిఫోర్నియాలో రెండు బృందాల పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించారు. ఓక్లాండ్ బృందం 1920–21లో పుట్టినవాళ్ళు, బర్క్‌లీ బృందం 1928–29లో పుట్టినవాళ్ళు. ఇద్దరి మీదా పడింది అదే మాంద్యం. పెద్దవాళ్ళు అప్పటికే ఇంటికి పనికొచ్చే ఈడులో ఉన్నారు. చిన్నాచితకా పనులు చేసి నాలుగు డబ్బులు తెచ్చారు, ఇల్లు నడపడంలో చెయ్యి వేశారు. ఆ కష్టం వాళ్ళలో చాలామందిని గట్టిపరిచింది. చిన్నవాళ్ళు పూర్తిగా తల్లిదండ్రుల మీద ఆధారపడిన ఈడులో దానికి దొరికిపోయారు. దెబ్బతిన్న కుటుంబాల్లోని మగపిల్లల మీద ఆ ప్రభావం మరీ చెడ్డగా పడింది. ఇద్దరికీ మధ్య తేడా ఎనిమిదేళ్ళే. నా పటంలో 16 సెంటీమీటర్లు.

కార్ల్ మన్‌హైమ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1928లో తరాల గురించి రాసిన వ్యాసంలో ఇంకో మాట ఉంది. ఒకే కాలంలో పుట్టినంత మాత్రాన ఒక తరం అయిపోరు. ఒకే చరిత్ర ప్రవాహంలో పాలుపంచుకోవాలి. పాలుపంచుకున్నవాళ్ళలో కూడా దానికి ఎదురు నిలిచేవాళ్ళు, కలిసి నడిచేవాళ్ళు అంటూ వేర్వేరు గుంపులు ఏర్పడతాయి. "మా తరం అంతా ఇంతే" అనే మాట ఎవరైనా అంటే ఆ వ్యాసం గుర్తొస్తుంది నాకు.

జనవరి 19

అందరినీ ఒక ప్రశ్న అడిగాను. హోవర్డ్ షూమన్, జాక్వలిన్ స్కాట్ అనే పరిశోధకులు 1985లో అమెరికాలో పద్నాలుగు వందల మందికి పైగా పెద్దవాళ్ళని అడిగిన ప్రశ్నకి ఇది దగ్గరి రూపం: మీ జీవితకాలంలో లోకంలో జరిగిన వాటిల్లో ముఖ్యమైనవి ఒకటో రెండో చెప్పండి. వాళ్ళ సర్వేలో చాలామంది తాము కౌమారంలోనో, ఇరవైల్లోనో ఉండగా జరిగినదాన్నే ఎంచుకున్నారు.

నాయనమ్మ "రేడియో" అంది. ఇంట్లోకి రేడియో వచ్చినప్పుడు ఆమెకి ఇరవై. నాన్న "చంద్రుడి మీద మనిషి" అన్నాడు. అప్పుడు పన్నెండేళ్ళు. నేను 2001 సెప్టెంబరు 11 చెప్పాను. 16 ఏళ్ళు, టీవీ ముందు నిలబడే ఉన్నాను, కూర్చోవాలన్న ధ్యాసే లేదు. తమ్ముడు "సెల్‌ఫోన్" అన్నాడు, పదహారు పదిహేడప్పుడు. మేనకోడలు ఆలోచించనైనా లేదు: "2020లో బడి మూసేయడం." పదేళ్ళు.

మేనత్త ఒక్కతే వేరే దారి పట్టింది. "మశూచి పోవడం" అంది. ప్రపంచ ఆరోగ్య సభ మశూచి అంతమైందని ప్రకటించింది 1980 మే 8న. అప్పటికి ఆమెకి 19. మిగతావాళ్ళు వచ్చినదాన్ని చెప్పారు, ఆమె పోయినదాన్ని చెప్పింది.

ఆరుగురి జవాబులతో ఏదీ రుజువు కాదు. అయినా ప్రతి జవాబునీ ఒక ఎర్ర గుండుసూదిగా ఆ మనిషి దారం మీద గుచ్చితే, ఆరు సూదులూ పది నుంచి ఇరవై ఏళ్ళ ఎత్తులో ఒకే వరసలో నిలబడ్డాయి.

జనవరి 26

అత్త జవాబు వదల్లేక ఇవాళ అందరి చేతులూ చూశాను. నాయనమ్మ, నాన్న, అత్త ముగ్గురికీ చేతి మీద మశూచి టీకా మచ్చ ఉంది, గుండ్రంగా, లోపలికి నొక్కుకుపోయి. నాకు లేదు. నా భుజం మీదున్న చిన్న మచ్చ క్షయ టీకాది.

సహజంగా సోకిన చివరి మశూచి కేసు 1977 అక్టోబరులో సోమాలియాలోని మెర్కా పట్టణంలో బయటపడింది. ఆస్పత్రిలో వంటపని చేసే అలీ మావ్ మాలిన్ ఆ రోగి, ఆయన బతికాడు. 20వ శతాబ్దంలోనే ఈ జబ్బు దాదాపు 30 కోట్ల మందిని చంపిందని అంచనా. ఇంత పెద్ద భయం నా ఈడువాళ్ళకి ఒక పాఠం పేరు. మేనకోడలికి ఆ పేరు కూడా తెలియదు. మచ్చ ఉన్న దారాలకి ఒక్కొక్క తెల్ల పూస కట్టాను. పూసలు అత్త దగ్గర ఆగిపోయాయి.

ఫిబ్రవరి 2

ఇవాళ జరిగింది ఉన్నదున్నట్టు రాసిపెట్టాలి.

నాయనమ్మ రేడియో కబుర్లు రికార్డు చేస్తున్నాను. ఫోన్ బల్ల మీద, గోడ ఎదురుగా. ఆమె చెప్పింది: "చంద్రుడి మీదికి వెళ్ళిన రోజు నాకు బాగా గుర్తు. మీ తాతయ్య రేడియో గుమ్మం దగ్గరికి జరిపాడు. చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చి నిలబడ్డారు. నేను మీ అత్తని చంకనేసుకుని గుమ్మానికి ఆనుకుని విన్నాను. పళ్ళొస్తున్నాయి దానికి, నా భుజం కొరుకుతూనే ఉంది."

అత్త అక్కడే ఉంది. "చంకనేసుకోవడమేంటమ్మా, అప్పటికి నేను మూడో తరగతి" అంది.

ఇద్దరూ కాస్త గట్టిగానే వాదించుకున్నారు. నేను లేచి 1969 గీత మీద వేలు పెట్టి అత్త దారం దగ్గరికి జరిపాను. పటంలో 18 సెంటీమీటర్ల ఎత్తు, అంటే తొమ్మిదో ఏడు. చంకలో పిల్ల కాదు. నాయనమ్మ మొహం చిన్నబోయింది. "అయితే నాది అబద్ధమా?" అంది. ఆ మాటకి నేను పటం పెట్టినందుకే బాధపడ్డాను.

అప్పుడు అత్త దారాన్ని పట్టుకుని వెనక్కి, కిందికి దిగాను. ఆమెకి పళ్ళొచ్చే ఈడు ఎక్కడుందో చూద్దామని. 1961 మొదటి నెలలు. అక్కడ నేను ముందే గీసిపెట్టిన నిలువు గీత ఒకటుంది: 1961 ఏప్రిల్ 12, యూరీ గగారిన్ 108 నిమిషాల్లో అంతరిక్షంలోకి వెళ్ళొచ్చిన రోజు. అత్తకి ఎనిమిది నెలలు. నాయనమ్మకి ఇరవై రెండో ఇరవై మూడో.

"మనిషి ఆకాశంలోకి వెళ్ళాడని చెప్పారా, చంద్రుడి మీద దిగాడని చెప్పారా?" అని అడిగాను. నాయనమ్మ చాలాసేపు ఊరుకుంది. "వెళ్ళి తిరిగొచ్చాడన్నారు. ఒక్కడే అన్నారు" అంది. చంద్రుడి మీద దిగింది ఇద్దరు, పైన తిరుగుతూ ఇంకొకడున్నాడు.

ఆ భుజం నొప్పి, గుమ్మం, రేడియో అన్నీ నిజమే అయ్యుండాలి. ఎనిమిదేళ్ళ తర్వాత ఇంకా పెద్ద వార్త వచ్చింది, చిన్న వార్త దాని కింద కలిసిపోయింది. నలభై దాటినవాళ్ళ జ్ఞాపకాల్లో పదికీ ముప్పైకీ మధ్య ఏళ్ళవి ఎక్కువ చిక్కగా నిలుస్తాయని మనస్తత్వ పరిశోధనలు చాలాసార్లు చూపించాయి. ఆమెకి ఇరవైల మొదట్లో పడిన ముద్ర మిగిలింది, దాని మీద పేరు మారింది.

ఇది ముసలితనం లక్షణమని ఎవరూ అనుకోకూడదు. 1986 జనవరి 28న ఛాలెంజర్ వ్యోమనౌక పేలిన మర్నాడు ఉల్రిక్ నైసర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థుల చేత ఆ వార్త ఎక్కడ, ఎలా తెలిసిందో రాయించి దాచాడు. రెండున్నరేళ్ళకి పైగా గడిచాక 44 మందిని మళ్ళీ అడిగితే 11 మంది చెప్పింది ముందు రాసినదానితో ఏ ఒక్క ముఖ్య విషయంలోనూ కలవలేదు. అన్నీ సరిగ్గా చెప్పినవాళ్ళు ముగ్గురు. వాళ్ళంతా కుర్రవాళ్ళు.

నాయనమ్మ దారం మీద రెండు సూదులు గుచ్చాను, 1961లో ఒకటి, 1969లో ఒకటి. రెంటినీ సన్నటి పసుపు దారంతో కలిపాను. ఆమె దగ్గరికొచ్చి కళ్ళజోడు సవరించుకుని చూసింది. "ఒక్కడే వెళ్ళినవాణ్ణి కూడా ఉంచావు కదా" అంది.

ఫిబ్రవరి 5

నిన్నటి నుంచి నియమం మార్చాను. ఎవరైనా చెబుతున్నప్పుడు పటం వైపు తిరగను. ముందు మొత్తం వింటాను, పటంతో పోల్చడం మర్నాడు. ముందూవెనకా రెండు రూపాలూ దాస్తాను.

ఫిబ్రవరి 16

1930కి ఎడమవైపు చోటు చాల్లేదు. ఇంకో మీటరు కాగితం అతికించాల్సి వచ్చింది, 1880 దాకా. కారణం పెద్ద నాయనమ్మ, అంటే మా నాయనమ్మకి నాయనమ్మ. ఆమె పోయింది 1950లో. అప్పటికి మా నాయనమ్మకి పన్నెండేళ్ళు. పుట్టింది 1885 ప్రాంతం, దూది ఉండ.

పన్నెండేళ్ళ లోపు పిల్ల విన్న కథల్లో ఒకటి "పెద్ద జ్వరం" కథ. నాయనమ్మ చెప్పినట్టే రాస్తున్నాను: "మా నాన్నకి ఆరేళ్ళప్పుడు వచ్చిందట. మూడు రోజుల్లో మనిషి పోయేవాడట. ముసలాళ్ళు మిగిలారు, పడుచువాళ్ళు పోయారు అని మా నాయనమ్మ చెప్పినప్పుడల్లా అదే మాట అనేది. పడుచువాళ్ళు పోతే బాధ ఎక్కువ కదా, అందుకని అలా అనేదేమో అనుకున్నా."

ఆమె నాన్న పుట్టిన సంవత్సరం ఒక పాత దస్తావేజు వల్ల తెలుస్తోంది. 1948 తేదీ ఉన్న కాగితంలో వయసు 36. అంటే 1912. ఆరేళ్ళు కలిపితే 1918.

ఇది రాస్తుంటే చెయ్యి వణికింది. 1918 ఇన్‌ఫ్లుయెంజా ప్రపంచ జనాభాలో మూడో వంతుకి సోకిందని, కనీసం 5 కోట్ల మందిని చంపిందని అంచనా. మామూలు ఫ్లూ పసిపిల్లల్ని, ముసలివాళ్ళని తీసుకెళ్తుంది. ఈ ఒక్కటి మాత్రం ఇరవైకీ నలభైకీ మధ్య వాళ్ళని విపరీతంగా కోసేసింది. ముసలాళ్ళు మిగలడం, పడుచువాళ్ళు పోవడం దుఃఖం వల్ల పెరిగిన మాట కాదు. చదువు రాని మనిషి కళ్ళారా చూసి చెప్పింది, పన్నెండేళ్ళ లోపు పిల్ల గుర్తుపెట్టుకుంది, 107 ఏళ్ళ తర్వాత నా ఫోనులోకి వచ్చింది. స్వయంగా విన్న వార్త ఏ ఏడాదిదో తప్పు చెప్పింది నాయనమ్మ. అదే మనిషి తాను పుట్టకముందు సంగతి సరిగ్గా మోసుకొచ్చింది. మాటకి మాట మారకుండా చెప్పించుకున్న వాక్యం కాబట్టి నిలిచిందేమో. పెద్ద నాయనమ్మ "అదే మాట అనేది" కదా.

పడుచువాళ్ళే ఎందుకు పోయారన్నదానికి పరిశోధకులు చెప్పే కారణాల్లో ఒకటి తరాల గురించినదే. చిన్నప్పుడు మొదట సోకిన ఫ్లూ రకం మన రోగనిరోధక శక్తి మీద జీవితాంతం ముద్ర వేస్తుందని వాళ్ళ వాదన. 1889 ప్రాంతంలో పుట్టి వేరే రకంతో మొదలైనవాళ్ళకి 1918 రకం కొత్త. ఈ ముద్రకి గట్టి ఆధారం 2016లో సైన్స్ పత్రికలో వచ్చింది. పక్షుల నుంచి వచ్చే ఫ్లూ రకాల్లో హెచ్5ఎన్1 ఎక్కువగా 1968 తర్వాత పుట్టినవాళ్ళని తీవ్రంగా బాధించింది, హెచ్7ఎన్9 అంతకుముందు పుట్టినవాళ్ళని. 1968లో మనుషుల్లో తిరిగే ఫ్లూ రకం మారింది, పసితనంలో ఎదురైనది ఏదన్నదే తేడా. పటం అడుగున 1968 దగ్గర ఆకుపచ్చ గీత గీశాను. నాన్న, అత్త దాని ఎడమవైపు, నేను, తమ్ముడు కుడివైపు. మాలో ఎవరికీ ఆ సంవత్సరం గురించి ఏ జ్ఞాపకమూ లేదు, ఒంటికి మాత్రం ఉండొచ్చు.

పెద్ద నాయనమ్మకి ఎడమన ఇంకేమీ లేదు. "మనవాళ్ళు ఎక్కడి నుంచో నడిచొచ్చారట" అన్న ఒక్క ముక్క తప్ప పేర్లు లేవు, ఏళ్ళు లేవు. మధ్య ఆఫ్రికాలో నోటి చరిత్రలు సేకరించిన యాన్ వాన్సినా ఇదే ఆకారాన్ని చూశాడు. దగ్గరి కాలం నిండుగా, మూలపు కథ ఒకటి, మధ్యలో ఖాళీ. కాలం జరిగేకొద్దీ ఆ ఖాళీ కూడా ముందుకి జరుగుతూ వస్తుంది. మనిషి నోటి నుంచి మనిషి చెవికి నడిచే జ్ఞాపకం 80 నుంచి 100 ఏళ్ళే ఉంటుందని జర్మన్ పండితుడు యాన్ అస్మాన్ అన్నాడు. ఆ తర్వాత రాయి కావాలి, కాగితం కావాలి. జపాన్‌లోని అనెయోషి అనే చిన్న పల్లెలో 1933 సునామీ తర్వాత "ఈ రాయికి దిగువన ఇళ్ళు కట్టకండి" అని చెక్కిన రాయి ఉంది. 2011 సునామీ దాని కిందే ఆగింది, పైన కట్టుకున్న ఇళ్ళు నిలిచాయి. 78 ఏళ్ళు.

మార్చి 2

చిన్న పరీక్ష. మూడు వారాల కిందట మేనకోడలు నాయనమ్మ దగ్గర మశూచి కథ ఒకటి విన్నది. పక్కింట్లో జబ్బు వస్తే తాతయ్య గడప దాటకుండా నీళ్ళ బిందె బయట పెట్టి వెనక్కి పరుగెత్తుకొచ్చేవాడట, భయంతో. ఇవాళ మళ్ళీ చెప్పమన్నాను. ఆ పిల్ల చెప్పిన కథలో తాతయ్య లోపలికి వెళ్ళి వాళ్ళకి నీళ్ళు తాగించాడు.

అబద్ధం చెప్పలేదు, అలా గుర్తుంది. హెరాల్డ్ వెల్జర్ అనే పరిశోధకుడి బృందం జర్మనీలో 40 కుటుంబాలతో మాట్లాడి 2002లో ప్రచురించింది కూడా ఇదే. నాజీ కాలంలో తాతలు ఏం చేశారో తాతలే చెప్పిన మాటలు మనవళ్ళ నోట్లో మంచితనంగా, సాహసంగా మారిపోయాయి. ప్రేమ ఉన్న చోటే ఈ మార్పు జరుగుతుంది, అదే కష్టం. రికార్డు వినిపించాను. "పారిపోయాడా?" అని రెండుసార్లు అడిగింది. కాసేపాగి, "కానీ రోజూ పెట్టాడు కదత్తా" అంది. ఆ మాట నాకు తట్టలేదు. రెండు రూపాలూ ఉంచాను.

మార్చి 9

నాన్న పటం ముందు నిలబడి "ఈ తరం పిల్లలకి ఓపిక లేదు" అన్నాడు. అది ఈడు వల్లనా, కాలం వల్లనా, వాళ్ళు పుట్టిన ఏడాది వల్లనా? ఈ మూడింటినీ విడదీయలేకపోవడం గణాంకాల్లో పాత ముడి. సంవత్సరంలోంచి వయసు తీసేస్తే వచ్చేది పుట్టిన ఏడాదే, మూడో అంకె స్వతంత్రం కాదు. నాన్నకి పదిహేనేళ్ళున్న చోట దారం మీద వేలు పెట్టి, అప్పుడు తాతయ్య నిన్ను ఏమనేవాడని అడిగాను. జవాబు రికార్డు చేశాను. నాన్న మాటలు పొడిగా వచ్చాయి, ఎక్కువ అడగలేదు.

మార్చి 16

మేనకోడలు స్కేలు తెచ్చి పెద్ద నాయనమ్మా, నాయనమ్మా ఒకేసారి బతికున్న ముక్కని కొలిచింది. 1938 నుంచి 1950, అడ్డంగా 24 సెంటీమీటర్లు. తనదీ నాయనమ్మదీ 2010 నుంచి ఇప్పటిదాకా 30. "మాకే ఎక్కువుంది" అంది.

నాయనమ్మ ఈసారి ఫోన్ తన వైపు పెట్టనివ్వలేదు, ఆ పిల్ల వైపు తిప్పింది. "బడి మూసిన రోజు నుంచి చెప్పు, నేను అడుగుతా" అంది. తొమ్మిది నిమిషాలు వచ్చింది. తెర మీద చిన్న గడుల్లో స్నేహితుల మొహాలు, మాట కలవక ముందే ఆగిపోయే గొంతులు, ఒకరోజు టీచర్ కెమెరా ఆపకుండా ఏడవడం. ఇవేవీ మాకు అప్పుడు చెప్పలేదు. "ముసలాళ్ళు మిగిలారా?" అని అడిగింది నాయనమ్మ. "లేదు జేజీ, ఈసారి వాళ్ళకే ఎక్కువ" అంది ఆ పిల్ల.

నాయనమ్మ కాసేపు తల ఊపింది. తర్వాత ఆ మాట మళ్ళీ చెప్పమంది, అదే మాటగా.

2020 సూది గుచ్చాక మేనకోడలు తన దారం మిగతా ఉండని చేతిలో పట్టుకుని కుడి అంచు దాకా వెళ్ళింది. 2030 దగ్గర కాగితం అయిపోతోంది, అప్పటికి తనకి ఇరవయ్యే. కుడివైపు కూడా ఒక మీటరు అతికించాలి. వచ్చే ఆదివారం బ్రౌన్ పేపర్ తేవాలి.